మైసమ్మ కట్ట మీద ఉద్‌ముర్త్ బార్లీ

ప్రయాణాలకు నాకు పెద్ద కారణాలేమీ అక్కర్లేదు. ఆదివారం ఎండ తక్కువగా ఉంటే చాలు, బయల్దేరిపోతాను. ఈసారి మాత్రం గట్టి కారణమే ఉంది. అది పిడికెడంత గుడ్డసంచి. పాశమైలారంలో నేను పనిచేసే మందుల ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో, ఒక బుధవారం మధ్యాహ్నం నేను పెరుగన్నంలో మాగాయ నంజుకుంటుండగా, జోయా ఆ సంచిని నా ప్లేటు పక్కన పెట్టింది. నల్ల అంచు, దాని మీద ఎర్రదారంతో కుట్టుపని. లోపల బార్లీ గింజలు. "మీ దగ్గర ఇంటింటి నుంచీ గింజలు తెచ్చి, ఊరంతా ఒకే కుండలో వండుకునే చోటు ఎక్కడైనా ఉందా?" అని అడిగింది. నాకు అలాంటి చోటేదీ తెలియదు. కానీ తెలియదు అని చెప్పడం మా ఇంటావంటా లేదు. "ఎందుకు లేదూ, బోలెడు!" అనేశాను.

జోయా మా ఫ్యాక్టరీలో బిళ్లలు చేసే కొత్త యంత్రాన్ని బిగించడానికి వచ్చిన ఇంజనీరు. పాస్‌పోర్టు రష్యాది. కానీ ఎవరైనా "రష్యన్" అంటే మెల్లగా సరిదిద్దుతుంది. "దేశం రష్యా. నేను ఉద్‌ముర్త్‌ని." మాస్కోకు తూర్పున, అడవులూ నదులూ ఉన్న ప్రాంతం వాళ్లది. సొంత భాష, సొంత దేవుళ్లు. మూడు నెలల పనికని ఫిబ్రవరిలో వచ్చింది. ఏదో విడిభాగం ఓడరేవులో ఇరుక్కుపోయి పని సాగుతూ సాగుతూ జూలై వచ్చేసింది. అదే ఇప్పుడు ఆమె బాధ. వాళ్ల ఊళ్లో దున్నకాలు ముగిశాక గెర్బెర్ అనే పండుగ చేస్తారట. ఆ మాటకు నాగలి తర్వాత అని అర్థం. ప్రతి ఇల్లూ ఒక గుప్పెడు గింజలిస్తే, మగవాళ్లు పెద్ద కాగుల్లో జావ కాచి, ఆకాశంలో ఉండే ఇన్మార్‌కి మొక్కి, అందరూ కూర్చుని తింటారు. గుప్పెడు పడని ఇంటిని, పొయ్యి ఆరిన ఇల్లు అంటారట.

జోయా వాళ్లింట్లో ఆ గుప్పెడు ఏటా వేసేది అమ్మమ్మ. చలికాలంలో ఆమె చనిపోయింది. పోయే ముందు ఈ సంచి మనవరాలి చేతికిచ్చి, "ఈ ఏడు నువ్వు వెయ్యి" అందట. జూన్‌లో ఇంటికి వెళ్లిపోతాను కదా అని జోయా మాటిచ్చేసింది. సెలవు రద్దయింది. రాబోయే ఆదివారమే అక్కడ గెర్బెర్. "నేను వెళ్లలేను. కానీ ఈ గింజలు సంచిలోనే ఉండిపోతే మా అమ్మమ్మ పొయ్యి ఆరినట్టే" అంది. అప్పటిదాకా హుషారుగా కలుపుకున్న పెరుగన్నం పక్కకు జరిపాను. ఊరికే గొప్పలకు పోయి "బోలెడు" అన్నానే అని మొదటిసారి భయపడ్డాను.

నన్ను గట్టెక్కించింది యాదగిరి. వారమంతా నీళ్ల ట్యాంకర్ నడుపుతాడు, ఆదివారాలు కారు కిరాయికి తిప్పుతాడు. గేటు దగ్గర నా గోడు విని నవ్వాడు. "గింత దానికి పరేషాన్ ఎందుకు మేడం? మా ఊర్ల గీ ఆదివారమే కట్టమైసమ్మకు పాశం వండుతరు. ఇంటికి పిడికెడు బియ్యం. గది పెట్టినంకనే నాట్లు షురూ జేస్తరు." చెరువుకట్టను కాపాడే తల్లి కట్టమైసమ్మ. పాశం అంటే బెల్లం పాయసం. మిగతా ఊళ్లలో ఎలా చేస్తారో గానీ వీళ్ల పద్ధతి ఇదట. రోజంతా కారుకి డీజిల్‌తో సహా రెండువేల రెండొందలకు మాట్లాడుకున్నాం.

ఆదివారం ఉదయం ఏడింటికి యాదగిరి రామచంద్రాపురంలోని మా క్వార్టర్స్ ముందు హారన్ కొట్టాడు. ఎడమ ప్యాంటు కాలు మోకాలి దాకా తడిసి ఉంది. వాన పడలేదే అనుకున్నాను గానీ అడగలేదు. పటాన్‌చెరు, ఇస్నాపూర్ దాటి పాశమైలారం గెస్ట్‌హౌస్‌కి చేరేసరికి ఏడూ నలభై అయింది. జోయా తెల్ల గౌను వేసుకుని, సంచిని మెడలో తగిలించుకుని గేటు దగ్గరే నిలబడి ఉంది. కారెక్కుతూ యాదగిరి కాలు చూసి పకపకా నవ్వింది. వాళ్ల నీళ్ల దేవుడి పేరు వుముర్త్ అట. అప్పుడప్పుడు మనిషి వేషంలో సంతకొస్తాడట. అచ్చం మనలాగే ఉంటాడు, బేరాలూ ఆడతాడు, కానీ చొక్కా ఎడమ అంచు మాత్రం ఎప్పుడూ తడిగా ఉంటుందట. నేను తెలుగులో చెప్పగానే యాదగిరి ఉలిక్కిపడి కాలు లోపలికి లాక్కున్నాడు. "పైపు లీకయింది మేడం" అన్నాడు, ఎవరూ అడక్కుండానే.

"అడ్డదారిల పోదామా? ఇరవై అయిదు నిమిషాలల్ల పడేస్త" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. నా దగ్గర చీటీ ఉంది. సంగారెడ్డి చౌరస్తాలో టిఫిన్, అక్కడే బెల్లం, పూలు, తర్వాత నర్సాపూర్ రోడ్డు పట్టుకుని హత్నూర వైపు. మ్యాపులో లేని దారిని నేను నమ్మను. మా ఆయన దీన్ని జబ్బు అంటాడు, నేను క్రమశిక్షణ అంటాను.

బొంబాయి హైవే మీద రుద్రారం దాటాక రెండువైపులా రంగురంగుల జెండాలు, హద్దురాళ్లు. "అవేమిటి?" అని అడిగింది జోయా. పొలాలను ఇళ్ల ప్లాట్లుగా కోసి అమ్ముతున్నారని చెప్పాను. కాసేపు కిటికీలోంచి చూసి తనో కథ చెప్పింది. కిల్దీసిన్ అని వాళ్లకు పంటల దేవుడున్నాడు. పూర్వం తెల్లబట్టలు వేసుకున్న ముసలాయనలా మనుషుల మధ్యే తిరిగేవాడట. పొలంగట్ల మీద నడుస్తూ, ఒరిగిన వెన్నును నిలబెడుతూ, రాలిన గింజను ఏరుతూ ఉండేవాడట. జనానికి ఆశ ఎక్కువై గట్లు కూడా దున్నేశారు. ఆయనకి అడుగు పెట్టే చోటు లేక వెళ్లిపోయాడు. ఇది విని యాదగిరి తల అడ్డంగా ఊపాడు. "ఆయనను ఇటు దిక్కు రావొద్దను మేడం. గీ హద్దురాళ్లు తట్టుకుని బొక్కబోర్ల పడ్తడు, ముసలోడు." జోయా కడుపు పట్టుకుని నవ్వింది.

చౌరస్తాలో టిఫిన్ ఇద్దరికీ కలిపి నూట ఇరవై అయింది. యాదగిరి టీ మాత్రమే తాగాడు. జోయాకు పూరీ నచ్చింది. కూర పక్కన పెట్టి చక్కెర అడిగి తెప్పించుకుంది. హోటలాయన బాధపడ్డాడు. "జెర కూర తినమనమ్మా, పొద్దుగాల లేసి చేసిన" అంటే ఆమె ఒక స్పూను తిని, నీళ్ల సీసా సగం ఖాళీ చేసి, బొటనవేలెత్తి చూపించింది. తర్వాత నేను బెల్లం మంచిది ఎంచుకోవడంలో అరగంట పోగొట్టాను. జోయా మాత్రం ఫోన్‌లో టైం చూస్తూనే ఉంది. వాళ్ల ఊరు మనకన్నా గంటన్నర వెనక. అక్కడ పదింటికి గుప్పెళ్లు వేస్తారు, అంటే మనకి పదకొండున్నర. ఎక్కడైనా సరే, ఆ వేళకే వేయాలని ఆమె కోరిక. దారిలో ఇంకా చెప్పింది. వసంతంలో నది మీద మంచు విరిగి కొట్టుకుపోతుంటే చుట్టాన్ని సాగనంపినట్టు సాగనంపుతారట. నడి చలికాలంలో వోజో అనే దయ్యాలు తిరిగే రోజులుంటాయట, అప్పుడు నీళ్ల దగ్గర గోల చేయకూడదు. ఇంటికో దేవుడు, పశువులకొట్టానికో దేవుడు. "మీకెంతమంది?" అని అడిగింది. యాదగిరి వేళ్లు మడవడం మొదలుపెట్టాడు. పోచమ్మ, ఎల్లమ్మ, మైసమ్మ, బొడ్రాయి, బీరప్ప... "రెండు చేతులు సాలయ్ మేడం, స్టీరింగ్ ఇడువాల్సొస్తది" అని ఆపేశాడు.

ఊరికి చేరేసరికి పదిన్నర దాటింది. ఊరి పేరు రాయడం లేదు. రాయొద్దని అక్కడి పెద్దావిడ నా చేత మాట తీసుకుంది. హత్నూర దారిలో, రోడ్డు నుంచి లోపలికి, తాటిచెట్లున్న చెరువుకట్ట అనుకోండి. చెరువు సగానికి పైగా నిండి ఉంది. కట్ట మధ్యలో వేపచెట్టు కింద పసుపు పూసి బొట్లు పెట్టిన రాయి, అదే మైసమ్మ. కొంచెం దూరంలో రాళ్లపొయ్యి మీద పెద్ద రాగి గంజు, దాన్ని కలుపుతూ చెమటలు కక్కుతున్న మల్లయ్య అనే వంటాయన. జోయా నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "వండేది మగాడు! మా ఊళ్లో కూడా అంతే!" అంది.

గంజు పక్కన చిన్న పీట మీద, ఒళ్లో చాట పెట్టుకుని కూర్చుంది నర్సవ్వ. నేను మాటిచ్చింది ఆమెకే. డెబ్బై దాటి ఉంటాయి, గొంతు మాత్రం కట్ట అవతలికి వినిపిస్తుంది. ఆడవాళ్లు వరుసగా వచ్చి కొంగులో తెచ్చిన గుప్పెడు బియ్యం చాటలో పోస్తున్నారు. ఆమె చెరిగి, గంజులోకి విసురుతూ ఆ ఇంటిని గట్టిగా పిలుస్తోంది. "బండోల్ల ఇల్లూ!" అందరూ "సల్లగుండాలే!" అంటారు. "పెద్దింటోల్ల ఇల్లూ!" మళ్లీ "సల్లగుండాలే!" జోయాకు తెలుగు రాదు, కానీ ఏం జరుగుతోందో నేను చెప్పక్కర్లేకపోయింది. మెడలోంచి సంచి తీసి వరుసలో నిలబడింది. ఆమె వెనక నేను, దుబాసీగా.

మా వంతొచ్చింది. నర్సవ్వ సంచి చూసింది, కుట్టుపని మీద వేలు రాసింది, గింజ ఒకటి తీసి కొరికింది. నేను గబగబా కథంతా చెప్పాను, అమ్మమ్మ, గెర్బెర్, పొయ్యి, అన్నీ. శ్రద్ధగా వింది. తర్వాత సంచిని జోయా చేతిలోనే పెట్టి వేళ్లు మూసేసింది.

"గింజ మంచిదే బిడ్డా. కని గీ గంజుల మా చెరువు నీళ్లు తాగిన ఇంటి గింజనే పడాలె. గది కాయిదా."

"అవ్వా, చాలా దూరం నుంచి వచ్చింది" అన్నాను.

"దూరం సంగతి గాదమ్మా. పోయినేడు ఒక కంపెనీ సారు బస్తా బియ్యం తెచ్చిండు, ఫొటో గుంజుకుంటనన్నడు. బస్తా వాపస్ పంపిన. గిప్పుడు పిడికెడు తీసుకుంటె, గప్పుడు బస్తా ఎందుకొద్దన్ననంటె ఏం జెప్పాలె?"

జోయాకు ఎలా చెప్పాలో తెలియలేదు. చెప్పాను. ఆమె అలగలేదు, వాదించలేదు. తల ఊపింది. "ఆమె చెప్పింది న్యాయం. మా దగ్గర కూడా పరాయి ఊరి గింజ వేయరు. నాకు ముందే తట్టాల్సింది" అంది. వరుసలోంచి పక్కకొచ్చి సంచి మూతికి తాడు బిగించసాగింది. ఒక ముడి, రెండో ముడి, మూడో ముడి. కళ్లు నిండిపోయాయి. పదకొండూ ఇరవై. క్యాంటీన్‌లో నేను నోరు జారిన మాటకు ఈ పిల్ల ఇంత ఆశ పెట్టుకుందే అని నాకు ఏడుపొచ్చింది.

అప్పుడు యాదగిరి ముందుకొచ్చాడు. తల గోక్కున్నాడు, అటూ ఇటూ చూశాడు. "అవ్వా, ఒక్క మాట. తిట్టొద్దు."

"తిట్టే మాటైతె తిడ్త. చెప్పు."

"గీ మేడం తాగేటియి మన చెరువు నీళ్లే. మన కట్టకింది బోరు కాడ ట్యాంకర్ నింపి ఆమె ఉండే గెస్టుహౌజుకు తోలుతున్న. గియ్యాల పొద్దుగాల గూడ తోలిన."

నర్సవ్వ చాట కింద పెట్టింది. తర్వాత నాకు తెలిసిందేమిటంటే, బోర్లు ఎండుతున్నాయని, ఎండాకాలం మొదట్లోనే ఊరు ఆ బోరు నీళ్లు బయటికి తోలొద్దని కట్టడి చేసింది. ఇతను ఇదే రాయి ముందు ఒట్టేశాడు.

"మైసమ్మ మీద ఒట్టేసినవ్ గదరా!" అంది నర్సవ్వ.

"ఒట్టు ఎండకాలానికే గదవ్వా. వానలు పడ్డయ్ గద, ఏం గాదనుకున్న."

"గట్లనా. గీ బిడ్డకు ఎన్నొద్దుల సంది తోలుతున్నవ్?"

"ఆమె వచ్చిన కాడికెల్లి. దినాం. ఐదు నెలలు."

నర్సవ్వ తాపీగా వేళ్లు మడిచింది. "ఐదు నెలలంటె అండ్ల ఎండకాలం లేదారా?"

యాదగిరి నాలుక కరుచుకున్నాడు. కట్టంతా ఘొల్లుమంది. మల్లయ్య గరిటె వదిలేసి మరీ నవ్వాడు. నర్సవ్వ మాత్రం నవ్వలేదు. చీపురుపుల్ల ఒకటి అందుకుని అతని వీపు మీద రెండు తగిలించి, ఆ తర్వాతే మా వైపు తిరిగింది. "ఏ నీళ్లు తాగుతున్నవ్ బిడ్డా?" అని జోయానే అడిగింది. నేను తర్జుమా చేశాను. "ఈయన తెచ్చే నీళ్లే. తాగేదీ, వండుకునేదీ, తల కడుక్కునేదీ అవే" అంది జోయా.

"ఐదు నెలలు తాగినంక ఇగ పరాయిదెట్లయితది? వీడు దొంగోడు గని నీళ్లు దొంగయి గావు. పొయ్యి బిడ్డా."

నేను తర్జుమా చేసేలోపే, చాట ముందుకు చాపిన చేతుల్ని చూసి జోయాకు అర్థమైపోయింది. మూడు ముళ్లూ బిగిసిపోయి ఆమెకు ఎంతకీ విడలేదు. నేను పళ్లతో లాగి విప్పాను. "ఇంటిపేరేంది?" అని అడిగింది నర్సవ్వ. జోయా పాస్‌పోర్టులో ఉన్న పేరు చెప్పలేదు. వాళ్లలో పాతకాలంలో ప్రతి వంశానికీ ఒక కాపుదేవత ఉండేదట, ఆడవాళ్లను పెళ్లయ్యాక కూడా ఆ పుట్టింటి వంశం పేరుతోనే పిలిచేవారట. వాళ్ల అమ్మమ్మను ఊళ్లో అందరూ ఆ పేరుతోనే పిలిచేవారని కారులో చెప్పింది. ఇప్పుడు ఆ పేరే చెప్పింది. "పెల్గా."

నర్సవ్వ గింజలు గంజులోకి విసిరింది. "పెల్గోల్ల ఇల్లూ!"

"సల్లగుండాలే!" అంది కట్టంతా.

జోయా "ఓస్తే, ఇన్మారే" అని ఆకాశం వైపు చూసి గొణిగింది. ఓ దేవుడా అని అర్థం. తర్వాత రెండు చేతులతో మొహం కప్పుకుని ఏడ్చింది, ఏడుస్తూనే నవ్వింది. టైం చూడటం మాత్రం మరిచిపోయింది. నేను చూశాను. పదకొండూ ముప్పై మూడు. నీళ్ల పంచాయితీకి పోయిన ఆ మూడు నిమిషాలు వుముర్త్ ఖాతాలో వేయొచ్చులే అనుకున్నాను.

నేను కళ్లు తుడుచుకుని వెనక్కి తిరగబోతుంటే నర్సవ్వ చాట నా ముందుకొచ్చింది. "నీదేదమ్మా?"

"నాదా? మాది ఇక్కడ కాదు అవ్వా. గుడివాడ వైపు."

"ఊరడగలే. ఏ నీళ్లు తాగుతున్నవని అడిగిన."

"మంజీర నీళ్లు."

"ఎన్నేండ్ల సంది?"

మా నాన్నకు ఇక్కడి ప్రభుత్వ కర్మాగారంలో ఉద్యోగం వచ్చినప్పుడు నాకు ఏడేళ్లు. లెక్కేసి చెప్పాను. "ముప్పై ఎనిమిది."

"మా చెరువు నిండి అలుగు దుంకితె నీళ్లు వాగుల వడి మంజీరలనే కలుస్తయ్. ముప్పై ఎనిమిదేండ్లు తాగి ఉత్తచేతులతోని వచ్చినవా?"

మ్యాపు చూస్తే మా కుళాయిల నీళ్లు ఆ వాగు కలిసేచోటికి ఎగువనే తోడతారు. ఆ ముక్క నర్సవ్వకు ఎవరు చెప్తారు? హ్యాండ్‌బ్యాగ్ తెరిచాను. చేతులు కడుక్కునే ద్రావణం, ఫోన్ చార్జర్, రెండు బిస్కెట్ ప్యాకెట్లు. బెల్లం ఉంది గానీ అది కొన్నది, మా ఇంటిది కాదు. నిజంగా సిగ్గేసింది. "వచ్చేయేడు తే" అని నర్సవ్వ చాట వెనక్కి తీసుకుంది.

యాదగిరికి శిక్ష పడింది. ట్యాంకర్‌తో నీళ్లు తోలినవాడు, పాశం పూర్తయి అందరూ చేతులు కడుక్కునేదాకా చెరువులోంచి కట్ట మీదికి బిందెలు మోయాలి. నాట్లు అయ్యేదాకా బోరు వైపు కన్నెత్తి చూడకూడదు. ఇరవై బిందెలు మోశాక రొప్పుతూ మా పక్కన కూలబడ్డాడు. ప్యాంటు నడుము దాకా తడిసిపోయింది. జోయా పరీక్షగా చూసి తీర్పు చెప్పింది. "ఇప్పుడు రెండు కాళ్లూ తడిశాయి. వుముర్త్ కాదు, మనిషే."

పాశం ఒంటిగంటన్నరకు దిగింది. ఆలస్యానికి కారణం బార్లీ. "గీ గింజ ఇయ్యాల ఉడుకదు" అని మల్లయ్య సణుగుతూనే ఉన్నాడు, అన్నట్టుగానే అది పూర్తిగా ఉడకలేదు. మోదుగాకుల విస్తర్లలో వడ్డిస్తే అందరూ తమ ఆకులో బార్లీ గింజ వచ్చిందా అని వెతుక్కోవడమే. నాకు మూడొచ్చాయి. మొదటి ఆకు మైసమ్మ రాతి ముందు పెట్టారు. నీళ్లలో ఒక చెంచాడు వేయొచ్చా అని జోయా అడిగితే నర్సవ్వ, "ఎయ్యి, గంగమ్మ గూడ ఆకలిమీదున్నది" అంది. చెరువంచున వంగి జోయా పాశం వదులుతుంటే గౌను ఎడమ అంచు తడిసింది. అందరికన్నా ముందు అది చూసి అరిచింది యాదగిరే.

తిరుగు ప్రయాణం అడ్డదారిలో. చెప్పినట్టే ఇరవై అయిదు నిమిషాల్లో గెస్ట్‌హౌస్ ముందున్నాం. ట్యాంకర్ డ్రైవర్‌కి తెలిసిన దారి ఏ మ్యాపులోనూ ఉండదని ఒప్పుకుంటున్నాను, అలాగని చీటీలు రాయడం మానను. రెండు వారాలకు విడిభాగం రావడం, యంత్రం తిరగడం, జోయా వెళ్లిపోవడం అయ్యాయి. ఎవరైనా "మీది ఏ ఊరు?" అంటే ముప్పై ఎనిమిదేళ్లుగా తడుముకోకుండా గుడివాడ అని చెప్పేదాన్ని, అది అబద్ధమూ కాదు. కానీ మొన్న పక్కింటికొచ్చిన చుట్టాలు అడిగితే నోట్లోంచి మంజీర అని వచ్చింది. వాళ్లు వింతగా చూశారు. నాకు మాత్రం ఆ మాట అన్నాక చాలాసేపు హాయిగా అనిపించింది.

వెళ్లాలనుకునేవాళ్లకు ఒకే సలహా. వానలు పడ్డాక, నాట్లకు ముందు ఇటువైపు ఏ చెరువుకట్ట మీద పొగ కనిపించినా ఆగండి, పెద్దవాళ్లనడిగి కూర్చోండి. కానీ బయల్దేరేముందు మీ వంటింట్లోంచి ఒక గుప్పెడు బియ్యం వెంట తీసుకెళ్లండి. దానికోసమని కొన్నవి కాదు, మీరు రోజూ వండుకునే డబ్బాలోవే. తీసుకుంటారో లేదో వాళ్లిష్టం, అడిగితే మాత్రం చేతిలో ఉండాలి. వెళ్లేరోజు జోయా ఆ ఖాళీ సంచిని నా చేతిలో పెట్టి వేళ్లు మూసింది, అచ్చం నర్సవ్వలాగే. ఇప్పుడది మా బియ్యం డబ్బా మూత మీద, నిండుగా ఉంది.